సదస్యత్వ లేదన్నారు

బాగేపల్లిలో ఒక చిన్న ప్రైవేటు డిగ్రీ కాలేజీలో నేను ఆటల టీచర్ని. చేరి చాలా ఏళ్ళయింది. మా నాన్నది బజారువీధిలో కిరాణా అంగడి. ఆయన పోయాక మా అన్న నడుపుతున్నాడు. వ్యాపారం చేసుకునే ఇంట్లో పుట్టిన ఆడపిల్ల మెడలో విజిల్ వేసుకుని ఎండలో నిలబడటం ఏమిటని మా చుట్టాలు ఇప్పటికీ నన్ను చూసి ఒకలా నవ్వుతారు. ఆ నవ్వుకు అలవాటుపడ్డాను. చింతామణిలో ఒక పొద్దున జరిగినదానికి మాత్రం అలవాటుపడలేదు. పడదలచుకోలేదు కూడా.

ముందు ఒక్కూట అంటే ఏమిటో చెప్పాలి. మా వైపు ఇంట్లో తెలుగు మాట్లాడినా, బడి మాటలూ ఆఫీసు మాటలూ కన్నడంలోనే నడుస్తాయి. కూటమిని ఒక్కూట అంటాం, సభ్యత్వాన్ని సదస్యత్వ అంటాం. చిక్కబళ్ళాపురం, చింతామణి, బాగేపల్లి చుట్టుపక్కల చిన్న కాలేజీలు కలిసి ఆటల కోసం పెట్టుకున్న కూటమి అది. బెంగళూరు కాలేజీలకు మంచి ట్రాకులున్నాయి, కోచ్‌లున్నారు. వాళ్ళ పక్కన నిలబడితే మా పిల్లలు మొదటి పోటీలోనే ఇంటిదారి పట్టాలి. అందుకని చిన్నవాళ్ళం మనలో మనం పోటీపడదాం, గెలిచినవాళ్ళని యూనివర్సిటీ ఎంపికలకు పంపుదాం అని ఎవరో మంచిమనసుతో మొదలుపెట్టారు. సభ్యత్వం ఉన్న కాలేజీ పిల్లలకే ఆ ట్రాకు మీద నిలబడే హక్కు. లేని కాలేజీ పిల్ల ఎంత వేగంగా పరిగెత్తినా ఆ పరుగు ఎవరి కంటికీ ఆనదు.

మా కాలేజీ మొదటినుంచీ ఒక్కూటలో ఉంది. ప్రతి ఏడూ పోయేవాళ్ళం, ఎక్కువగా ఓడిపోయి వచ్చేవాళ్ళం. నాకు దాని గురించి బాధ లేదు. ఓడిపోవడం కూడా ఆటలో భాగమే కదా. కానీ ఆ ఏడాది మా దగ్గర ఒక పిల్ల ఉంది.

పేరేసంద్ర వైపు పల్లెటూరి పిల్ల. బి.కాం. రెండో సంవత్సరం. ఇంట్లో పట్టుపురుగులు పెంచేవాళ్ళు. ఎప్పుడూ మాట్లాడుతూనే ఉండేది. బూట్ల తాళ్ళు కట్టుకుంటూ మాట్లాడేది, నీళ్ళు తాగుతూ మాట్లాడేది. పట్టుపురుగులు పొర విడిచేముందు మేత మానేసి పడుకుంటాయి, దాన్ని మా వైపు జ్వరం అంటారు. ఒక్కొక్క రోజు ఆలస్యంగా వచ్చి, "పురుగులు జ్వరంలోనించి లేసినాయి మేడం, ఆకు కోసేసి వచ్చేసరికి బస్సు పోయింది" అనేది. ఎనిమిది వందల మీటర్లు పరిగెత్తే ఆ కాసేపే ఆ నోరు మూతపడేది. కాలేజీ వెనక రాళ్ళ స్థలంలో రాళ్ళు ఏరి, సున్నంతో గీతలు గీసి, అక్కడే పరిగెత్తించాను. మొదటి చుట్టు అయ్యాక అందరూ కొంచెం మెత్తబడతారు. ఈ పిల్ల అప్పుడు మొదలుపెట్టేది. ఇన్నేళ్ళ నౌకరీలో అలా పరిగెత్తే పిల్లను నేను చూడలేదు. ఈసారి యూనివర్సిటీ దాకా పోతుందని నాకు గట్టి నమ్మకం కుదిరింది.

ఆ ఏడు ఒక్కూట క్రీడాకూటం, అంటే ఆటల పోటీలు, చింతామణిలో పెట్టారు. పొద్దున్నే గవర్నమెంటు బస్సులో అమ్మాయిలను తీసుకుని బయలుదేరాను. అందరూ ఒకే రంగు బనియన్లు. దారంతా పాటలు. ఆటస్థలం దగ్గర దిగి, పేర్లు రాసుకునే బల్ల దగ్గరికి పోయాను. అక్కడ ఒక్కూట కార్యదర్శి కూర్చుని ఉన్నాడు. చింతామణిలోనే ఒక కాలేజీలో ఆటల మాస్టరు. ఎప్పుడూ నవ్వుతూ ఉండే మనిషి. నన్ను చూసి లేచి నిలబడ్డాడు.

"రాండమ్మా, రాండి. చూసేదానికి వచ్చినారా?"

"చూసేదానికేంది అప్పా, ఆడేదానికి. మా పిల్లల పేర్లు రాసుకోండి."

ఆయన నవ్వు ఆగిపోయింది. "మీ కాలేజీ ఇప్పుడు ఒక్కూటలో లేదు గదమ్మా. సదస్యత్వ పోయింది. మీ ప్రిన్సిపాల్ చెప్పలేదా?"

నేను నమ్మలేదు. పొరపాటు పడ్డారన్నాను. ఆయన పక్కనున్నవాళ్ళని అడిగి మళ్ళీ అదే చెప్పాడు. వేసవిలో చిక్కబళ్ళాపురంలో మీటింగు జరిగిందట. మా కాలేజీ తప్పుకుందట. ఒక్కసారి పరిగెత్తనివ్వండి, లెక్కలోకి తీసుకోకపోయినా సరే అని అడిగాను. ఆయన చేతులు జోడించాడు. "రూల్సమ్మా. నా చేతిలో ఏముండాది? మీరు ఎండలో నిలబడొద్దు. షామియానా కింద కూర్చోండి. పిల్లలకు చిత్రాన్నం పెట్టిస్తా."

వెనక్కి తిరిగితే అమ్మాయిలంతా నా మొహమే చూస్తున్నారు. ఆ పిల్ల అడిగింది, "నేను పరిగెత్తేది లేదా మేడం?"

లేదని చెప్పాను. ఆ మాట నా నోటితో చెప్పాల్సి వచ్చినందుకు ఇప్పటికీ నా ఒళ్ళు మండుతుంది. తప్పుకుంటామన్నది ఎవరో, పొద్దున్నే లేచి బస్సెక్కి వచ్చింది ఎవరో. జవాబు చెప్పాల్సింది మాత్రం నేను.

తిరిగి పోయే బస్సుకు ఇంకా చాలా టైముంది. షామియానా కింద కూర్చున్నాం. ఎనిమిది వందల మీటర్ల పరుగు మా కళ్ళముందే జరిగింది. ఆ పిల్ల మోకాళ్ళమీద చేతులు పెట్టుకుని చూసింది. గెలిచిన అమ్మాయి గీత దాటాక మెల్లగా అంది, "ఆ రెండో మూల దగ్గర వాళ్ళంతా అలిసిపోయినారు మేడం. ఆడ దాటుకోవచ్చు."

అప్పుడు కార్యదర్శి మళ్ళీ వచ్చాడు. అదే నవ్వు. ముఖ్య అతిథి వచ్చే వేళయిందట. బహుమతుల పళ్ళేలు పట్టుకోవలసిన అమ్మాయిలు రాలేదట.

"మీ పిల్లలు ఊరికే కూర్చోనుండారు గదమ్మా. చూసేదానికి లక్షణంగా ఉండారు. వేదిక మీద పళ్ళేలు పట్టుకుంటే బాగుంటాది. చీరలు మేమే తెప్పిస్తాం."

ఆయన చెడ్డమనిషి కాదు. ఏదో మర్యాద చేస్తున్నాననే అనుకున్నాడు. అందుకే నాకు ఇంకా కోపం వచ్చింది. తిట్టి ఉంటే తిట్టేదాన్ని. ఆ మర్యాదకు ఏం బదులివ్వాలి?

"పరిగెత్తేదానికి పనికిరాని పిల్లలు పళ్ళెం పట్టేదానికి పనికొస్తారా అప్పా?" అన్నాను.

"కోపమేమిటికమ్మా? గౌరవమే గదా అది."

"ఆ గౌరవం మీ కాలేజీ పిల్లలకు ఇయ్యండి. మావాళ్ళు ఆటగాళ్ళు."

నా గొంతు పెద్దదైంది. షామియానా కింద కూర్చున్న మాస్టర్లంతా తలలు తిప్పారు. అమ్మాయిలను లేపుకుని బస్టాండుకు నడిచాను. బస్సులో వెనకసీటు అమ్మాయి ఒకతె, పళ్ళెం పట్టుకుని ఉంటే ఫోటో అయినా వచ్చేది కదా అని పక్క అమ్మాయితో అనడం వినబడింది. దాని మీదా కోపం వచ్చింది. కానీ పిల్లది, దాన్ననేం లాభం? కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

మర్నాడు ప్రిన్సిపాల్ గదిలోకి పోయాను. ఆయన పెద్దాయన. తాతలనాటినుంచీ గుడి, చదువు, పాఠం చెప్పడం ఉన్న ఇంటినుంచి వచ్చినవాడు. ఎవరిమీదా గొంతు ఎత్తడు. నేను జరిగింది చెప్తూ ఉంటే కళ్ళజోడు తుడుచుకుంటూ విన్నాడు.

"చెప్పాలనుకున్నానమ్మా. అడ్మిషన్ల తొందరలో మరిచిపోయినాను."

"ఎందుకు తప్పుకున్నాం సార్?"

ఆయన దాచలేదు. ఒక్కూటలో కొత్త రూలు పెట్టారట. సభ్యులందరూ వంతులవారీగా క్రీడాకూటం జరిపించాలి, దానికి సొంత ఆటస్థలం ఉండాలి. మా వెనక స్థలంలో యాజమాన్యం కల్యాణమంటపం కట్టాలనుకుంటోంది. ఆటస్థలం ఉందని అక్కడ ఒప్పుకుంటే రేపు మంటపానికి అడ్డం. అందుకని మాకు స్థలం లేదు, మేము తప్పుకుంటాం అని మీటింగులో చెప్పేసి వచ్చాడు.

"స్థలం ఉండాది గదా సార్. నేను గీతలు గీసిండేది యాడ?"

"ఉండాది. ఉన్నా లేదనాల్సి వచ్చింది. నా పరిస్థితి అర్థం చేసుకో అమ్మా. అయినా మన పిల్లలు ఆడితే ఎంత, ఆడకపోతే ఎంత? మెడల్ వస్తే గోడకు తగిలిస్తాం. అంతే గదా."

చాలా మెల్లగా అన్నాడు ఆ మాట. చదువుకున్నవాడు, పాఠాలు చెప్పినవాడు, కొన్ని వందలమంది పిల్లలను పంపించినవాడు ఆడితే ఎంత ఆడకపోతే ఎంత అన్నాడు. మన పిల్లలకు ఇంతే చాలు అని మనమే అనుకుంటే పైవాళ్ళు వచ్చి తొక్కాల్సిన పని ఉండదు. బయటికి వచ్చాను.

ఆ ఆదివారం చిక్కబళ్ళాపురం పోయాను. అక్కడ ఒక కాలేజీలో ఆటల టీచరు నా స్నేహితురాలు. వ్యాయామ విద్య కోర్సులో ఒకే గదిలో ఉన్నాం, ఒకరి బూట్లు ఒకరు వేసుకున్నాం. ఆమె కాలేజీ కూడా ఒక్కూటలో ఉంది. ఆ మీటింగుకు ఆమె కూడా పోయిందని చింతామణిలోనే తెలిసింది. కాఫీ పెట్టి ఇచ్చింది. నేను తాగలేదు.

"ఆ మీటింగులో నువ్వు ఉండావు కదా?"

"ఉన్నా. మా ప్రిన్సిపాల్ పక్కనే కూర్చోనుండె. నేనేమి చెప్పేది?"

"ఆడ చెప్పొద్దు. నాకు ఒక ఫోన్ చేసిండొచ్చు గదా."

ఆమె కాఫీ గ్లాసు అటూ ఇటూ జరిపింది. "మీ ప్రిన్సిపాలే నీకు చెప్పింటాడు అనుకున్నా" అంది. మళ్ళీ, "నీకు తెలిస్తే ఊరుకోవని కూడా తెలుసు. గలాటా అవుతాదని ఊరికే ఉండిపోయినా" అంది.

అది నిజం. నిజమే చెప్పింది కాబట్టి ఎక్కువ తిట్టలేకపోయాను. లేచి వచ్చేస్తుంటే గుమ్మం దాకా వచ్చి, మీ వాళ్ళెవరైనా మళ్ళీ చేరతామని అడిగితే నేను మాట్లాడతాను అంది. ఈసారి తప్పక మాట్లాడతాను అంది. నేను తల ఊపాను. అప్పటినుంచీ మేము మాట్లాడుకుంటాం, కానీ పాతలాగా కాదు.

మావాళ్ళెవరు అడుగుతారు? అడగవలసింది యాజమాన్యం అధ్యక్షుడు. ఆయనకు మా ఊళ్ళోనే బట్టల అంగడి ఉంది. రోజూ సాయంత్రం మా అన్న అంగడికి వచ్చి బెంచీమీద కూర్చుని లోకాభిరామాయణం మాట్లాడిపోతాడు. కాలేజీలో రెండుసార్లు ఆయన్ని కలవాలని పోతే తీరిక లేదన్నారు. సరే అని ఒక సాయంత్రం నేనూ అంగడికి పోయి నిలబడ్డాను. బజారు నిండా జనం. అంగట్లో సరుకు కట్టించుకునేవాళ్ళు ఉన్నారు.

ఆయన వచ్చి కూర్చోగానే అడిగాను. "మన కాలేజీ ఒక్కూటలోనించి ఏమిటికి తప్పుకునింది అప్పా?"

మా అన్న తూకం వేస్తూ నా వైపు చూశాడు. అధ్యక్షుడు నవ్వాడు. "అంగట్లో మాట్లాడే మాటలా అమ్మా ఇవి?"

"కాలేజీలో మాట్లాడనియ్యలేదు గదా. ఈడే మాట్లాడతాను."

చింతామణిలో జరిగింది అంతా చెప్పాను. షామియానా, చిత్రాన్నం, చీరలు, పళ్ళేలు. పప్పు కట్టించుకుంటున్న ఒకామె చేయి ఆగిపోయింది. ఆమె కూతురు మా కాలేజీలోనే చదువుతోంది. నేను ఆమె కోసం చెప్పలేదు, అప్పటిదాకా ఆమె అక్కడ ఉందని కూడా నాకు తెలియదు. ఆమే అడిగింది.

"మా పాప కూడా పోయినాది గదా చింతామణికి. జొరమొచ్చి ఆడలేదని చెప్పె నాతో. మీరు తరిమేసినారా అప్పా?"

పిల్లలు ఇంట్లో అబద్ధం చెప్పారన్నమాట. ఆడనివ్వలేదని చెప్పడానికి సిగ్గుపడి. అది నాకూ అప్పుడే తెలిసింది. అధ్యక్షుడు ఏదో చెప్పబోయాడు, మంటపం కాలేజీకే మంచిదన్నాడు, ఆటలు యాడికీ పోవన్నాడు. ఆమె ఆయన మాట వినలేదు. సరుకు సంచీ పట్టుకుని ఆయన ముందు నిలబడి, "ఆటలున్నాయని చేర్పిస్తిమి. లేకపోతే చిక్కబళ్ళాపురంలో చేర్పించుకుంటాం" అంది. పక్కనున్న ఇంకొకాయన కూడా అందుకున్నాడు. అధ్యక్షుడు లేచి వెళ్ళిపోయాడు.

ఆరోజు మా అన్న నాతో మాట్లాడలేదు. "ఆయన మా నాయన కాలంనించీ వస్తాండాడు ఈ అంగడికి" అని వదినతో అన్నాడట. నిజంగానే ఆయన తర్వాత చాలాకాలం రాలేదు. నేను క్షమాపణ అడగలేదు.

అయితే ఆ మాట ఊరంతా పాకి, పని జరిగింది. మంటపం ఆగలేదు గానీ స్థలంలో ఒక పక్కకు జరిగింది. క్రీడాకూటం జరిపేంత కాకపోయినా పరుగుకు చోటు మిగిలింది. మా ప్రిన్సిపాల్ చిక్కబళ్ళాపురం పోయి ఒక్కూటలో మళ్ళీ చేర్చుకోమని అడిగాడు. నేనూ వెంట పోయాను, ఈసారి ఎవరినీ నమ్మి వదలదలచుకోలేదు. నా స్నేహితురాలు లేచి నిలబడి, ఇద్దరం ముగ్గురం కలిసి ఒకే స్థలంలో క్రీడాకూటం జరిపించుకోవచ్చు కదా అంది. చెప్పిన మాట నిలబెట్టుకుంది. వాళ్ళు ఒప్పుకున్నారు. నేను ఊపిరి తీసుకునేలోగా ఒక్కూట అధ్యక్షుడు, ఒక పెద్ద కాలేజీ ప్రిన్సిపాల్, ఇంకొక మాట కలిపాడు.

"కొత్తగా చేరేవాళ్ళు మొదటి ఏడాది ఆడొచ్చు. ఫలితం లెక్కకు రాదు."

"మేము కొత్తవాళ్ళం కాదు సార్. ఒక్కూట పుట్టినప్పటినుంచీ ఉండాము" అన్నాను.

"తప్పుకుని వచ్చినారు కాబట్టి కొత్తవాళ్ళే. రూలు అందరికీ ఒకటే."

మా ప్రిన్సిపాల్ నా చేయి తట్టాడు, చాలు కూర్చో అన్నట్టు. ఆ పిల్లకు అది ఆఖరి సంవత్సరం. ఆ గదిలో ఉన్నవాళ్ళకు ఒక ఏడాది అంటే ఒక మీటింగునుంచి ఇంకొక మీటింగు దాకా. ఆ పిల్లకు ఒక ఏడాది అంటే మొత్తం.

పిల్లకు ముందే చెప్పాను. గెలిచినా పిలవరు, యూనివర్సిటీకి పంపరు అని.

"పరిగెత్తనిస్తారా మేడం?"

"పరిగెత్తనిస్తారు."

"అయితే వస్తా."

చిక్కబళ్ళాపురంలో జరిగింది ఆ ఏటి క్రీడాకూటం. మొదటి చుట్టు అందరితో కలిసి పరిగెత్తింది. రెండో చుట్టులో మూల తిరగగానే ఒక్కొక్కరినీ దాటుకుంటూ పోయింది. గీత దాటేసరికి వెనకనున్న అమ్మాయి ఇంకా మలుపులోనే ఉంది. చూసేవాళ్ళు చప్పట్లు కొట్టారు, మా కాలేజీవాళ్ళు కానివాళ్ళు కూడా కొట్టారు. నేను కొట్టలేదు.

బహుమతుల దగ్గర మైకులో రెండోగా వచ్చిన అమ్మాయి పేరు మొదటి స్థానానికి చదివారు. ఆ అమ్మాయి వేదిక ఎక్కి, మెడల్ వేయించుకుని, దిగుతూ మా వైపు చూసింది. ఎటు చూడాలో తెలియక తల వంచుకుంది. దానిదేం తప్పు? ఒక పిల్ల గెలుపు తీసి ఇంకొక పిల్ల మెడలో వేస్తే, ఇద్దరికీ ఏమీ మిగలలేదు.

బస్సులో ఆ పిల్ల ఏమీ మాట్లాడలేదు. ఎప్పుడూ ఆగని నోరు. పేరేసంద్రలో దిగే ముందు ఒకే మాట అంది. "మెడల్ పోతే పోనీ మేడం. నా పేరు కూడా చదవలే."

ఇప్పుడామె చింతామణిలో ఒక ట్రాక్టర్ల షోరూంలో లెక్కలు రాస్తుంది. మొన్నొకసారి నేను ఆ ఊళ్ళో మురుగమల్ల దర్గాకు పోయే బస్సుకోసం నిలబడి ఉంటే కనబడింది. పెళ్ళయింది, ఒళ్ళు కొంచెం వచ్చింది, మాట మళ్ళీ పాతమాటే. పొద్దున్నే పరిగెత్తుతున్నావా అని అడిగాను. "ఎవరికోసం మేడం" అని నవ్వింది. ఆ నవ్వులో కోపం ఏమీ లేదు. అది చూసి నాకు నిద్రపట్టని కోపం వచ్చింది. తనకు జరిగినదాన్ని ఆ పిల్ల మామూలు విషయంగా తీసుకుంది. వాళ్ళు నేర్పించింది అదే.

పోయిన ఏడు ఒక్కూటవాళ్ళు నన్ను కమిటీలో వేసుకున్నారు. నేను బయటుండి అరిచేకంటే లోపల కూర్చుంటే మేలనుకున్నారేమో. ఒప్పుకున్నాను. ప్రతి మీటింగులో ఒకే మాట లేవనెత్తుతాను. చేరిన కాలేజీ పిల్లల ఫలితం మొదటి రోజునుంచే లెక్కకు రావాలి. ప్రతిసారీ వచ్చేసారి చూద్దాం అంటారు. ఈమధ్య మురుగమల్ల వైపునుంచి ఒక కొత్త కాలేజీ చేరతామని వచ్చింది. వాళ్ళ ఆటల టీచరు చిన్నపిల్ల, కొత్తగా నౌకరీలో చేరింది. నేను మళ్ళీ అడిగాను. ఒక్కూట అధ్యక్షుడు గడియారం చూసుకుని, ముందు భోజనం చేద్దాం అన్నాడు. అందరూ లేచారు. నేను లేవలేదు.

ఆ టీచరు నా పక్కకు వచ్చింది. "ఏమయిందక్కా? మమ్మల్ని చేర్చుకున్నట్టా, లేదా?"

"చేర్చుకుంటారు. మీ పిల్లల పేర్లు చదివేదానికే ఇష్టం లేదు వాళ్ళకు. కూర్చో. తినేసి వస్తారు గదా, మళ్ళీ అడుగుదాం. ఈసారి నువ్వు కూడా అడుగు."